ఆ ముసలామెకి పళ్ళెందుకు లేవు సార్?

గౌరవనీయులైన రచయిత గారికి,

నమస్కారం సార్. మీ పేరు, పుస్తకం పేరు ఇక్కడ రాయడం లేదు. మిమ్మల్ని మొదట్నుంచీ చదువుతూ వచ్చినవాళ్ళు నాలుగు వాక్యాల్లోనే పోల్చేస్తారు. మిగతావాళ్ళకి పేరుతో పని లేదు. ఉత్తరం నేరుగా మీ ఇంటికే పంపొచ్చు కదా అంటారేమో. పంపేవాణ్ణే. కానీ దెయ్యాల కథలు రాస్తున్న కొత్త పిల్లలు చాలామంది మీ దగ్గరే నేర్చుకుంటున్నారు. వాళ్ళ కంట కూడా పడాలని అందరి ముందూ రాస్తున్నాను.

నేనెవరో చెప్పాలి కదా. సంగారెడ్డిలో చాలా ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాను. కొత్త నవల రాగానే ఖాకీ అట్ట వేసి, వెన్ను దగ్గర దబ్బనంతో పొడిచి దారం బిగించి, పెయింటుతో నంబరు వేశాకే బయటికి ఇచ్చేవాణ్ణి. మీ నవలలకి ఆ ఒక్క కుట్టు సరిపోయేది కాదు. చేతులు మారీ మారీ పేజీలు జారిపోయేవి, మళ్ళీ కుట్టాల్సిందే. డిటెక్టివ్ నవలల మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసిపెట్టే మహానుభావులు మా ఊళ్ళో కొందరుండేవాళ్ళు. "చంపింది మేనమామ, టైం వేస్టు" అని. మీ పుస్తకాల జోలికి మాత్రం వాళ్ళు కూడా రాలేదు. ఒకసారి మీ నవల తిరిగొచ్చాక చూస్తే, సగం దాటిన తర్వాత ఒక పేజీ అంచున "రాత్రి పూట ఇక్కడ ఆపకండి" అని గుండ్రటి చేతిరాతతో ఉంది. పుస్తకాల్లో రాస్తే జరిమానా అని బోర్డు పెట్టినవాణ్ణి, ఆ వాక్యాన్ని మాత్రం చెరపలేదు. ఆ పేజీ కోసమే పుస్తకం అడిగినవాళ్ళున్నారు.

ఆ పేజీలో ఉన్నది బావి గిలక. కొత్తగా అద్దెకి దిగిన దంపతులకి రోజూ తెల్లవారుజామున పెరట్లో గిలక కిర్రుమని తిరగడం, బొక్కెన నీళ్ళకి తగలడం వినిపిస్తాయి. ఇంటావిడ నీళ్ళు తోడుకుంటోంది కాబోలు అనుకుంటారు. చదివే మనమూ అదే అనుకుంటాం. చాలా పేజీల తర్వాత పాలబ్బాయి ఏదో మాటల్లో అంటాడు, "మోటారు పెట్టినప్పుడే గిలక పీకేశారు కదమ్మా" అని. అంతే. మీరు అక్కడ ఒక్క ఆశ్చర్యార్థకం కూడా పెట్టలేదు. ఆ అమ్మాయి పాలగిన్నె తీసుకుని లోపలికి వెళ్తుంది, అధ్యాయం అయిపోతుంది. నేను మాత్రం వెనక్కి తిప్పి, ఆ చప్పుడు వచ్చిన చోటల్లా మళ్ళీ చదివాను. ప్రతి చోటా భర్త ఇంట్లో లేడు. ఆ సంగతి మీరు ఎక్కడా ఎత్తి చూపించలేదు.

అదండీ మీ పద్ధతి. దెయ్యానికి ఒక లెక్క ఉండేది. అది ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో మీరు ముందే ఎక్కడో ఒక మూల చెప్పేసి ఉండేవాళ్ళు. కథ ఎంత ఇరుకున పడ్డా ఆ గీత దాటేవాళ్ళు కాదు. చివరికి కూడా తలుపు ఓరగా ఉంచేవాళ్ళు. అది నిజంగా దెయ్యమా, ఆ అమ్మాయి మనసుకి వచ్చిన జబ్బా అని. మా షాపులో దాని మీద పెద్ద గొడవలే అయ్యేవి. గుళ్ళో పూజారి గారబ్బాయి ముమ్మాటికీ జబ్బే అనేవాడు. పెద్దాసుపత్రి కాంపౌండరు దెయ్యమే అని బల్ల గుద్దేవాడు. రంగనాయకమ్మ గారు క్షుద్ర నవలల్ని చీల్చి చెండాడిన రోజుల్లో కూడా, ఈ దెబ్బలు మీకు తగలవని కౌంటరు వెనక నిలబడి మీ తరఫున వాదించాను.

అలాంటి మీరు, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ దెయ్యం కథకి వచ్చారని, అదీ మా మెదక్ జిల్లాలో బాణామతి అని పిలిచే చేతబడి మీద అని విన్నప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు. ముందే డబ్బు కట్టి తెప్పించుకున్నాను.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. కథ సగం 1984లో నడుస్తుంది. హీరో తాత అర్జీ పట్టుకుని మెదక్ ఊళ్ళో కలెక్టరేటుకి వెళ్తాడు. పేరుకి మెదక్ జిల్లా గానీ, 2016లో జిల్లాలు విడదీసేదాకా కలెక్టరాఫీసు ఉన్నది సంగారెడ్డిలో సార్. ఆ మెట్ల మీద అర్జీలు పట్టుకుని కూర్చున్న జనాన్ని రోజూ చూసినవాణ్ణి. నారాయణఖేడ్ పక్క పల్లెలో మీరు పంటకాలువ తవ్వించి, గట్టు మీద కొబ్బరితోట వేయించారు. అది జొన్న, కంది, పెసర పండే మెట్ట. దెయ్యం కొబ్బరాకుల నీడలోంచి వస్తుంటే నాకు కోనసీమ గుర్తొచ్చింది గానీ వెన్నులో చలి పుట్టలేదు. ఇక మాట. వాక్యం చివర "బిడ్డా" తగిలిస్తే తెలంగాణ అయిపోదని మీకు నేను చెప్పాలా?

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కుదిపింది నవంబరు. 1984 నవంబరు మొదటివారంలో మీ ఊళ్ళో జాతర జరుగుతోంది, మైకుల్లో పాటలు మోగుతున్నాయి, ఆ హోరులో పిల్ల మాయమైపోతుంది. అక్టోబరు 31న చనిపోయిన ఇందిరా గాంధీ అప్పటికి మెదక్ ఎంపీ సార్. 1980లో ఇక్కడి నుంచే గెలిచారు. ప్రధాని చనిపోయిన వారంలో ఆమె సొంత నియోజకవర్గంలో మైకులు పెట్టి జాతర చేసే ఊరు ఎక్కడుంటుంది? దుకాణాలు మూసేసి, రేడియో చుట్టూ మూగి, ఢిల్లీలో ఏం జరుగుతోందోనని బిక్కుబిక్కుమంటూ ఉన్న రోజులవి. నిశ్శబ్దం దానంతటదే దొరికిన వారంలో మీరు మైకులు పెట్టుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఒక పిల్ల కనిపించకుండా పోతే! పాత మీరైతే వదిలేవాళ్ళా?

హీరో ఇంజినీరు కాబట్టి సైన్సు కూడా ఉండాలనుకున్నట్టున్నారు. "శక్తి నశించదు, కాబట్టి ఆత్మ నశించదు" అని మూడు పేజీల ఉపన్యాసం ఇప్పించారు. మధ్యలో క్వాంటం అనే మాట కూడా దొర్లింది. ఒంట్లో ఉన్న శక్తి ఎటు పోతుందో శవాన్ని ముట్టుకుంటే తెలుస్తుంది సార్. చల్లబడుతుంది. ఆ వేడి గదిలోకే పోతుంది. పది చదివిన పిల్లాడు కూడా చెప్పగలిగిన విషయం అది. ఎవరో అడుగుతారని ముందే భయపడి జవాబు రాసిపెట్టుకున్నట్టుంది ఆ ఉపన్యాసం. మీ పాత పుస్తకాల్లో దెయ్యం ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

అధ్యాయాలు రెండేసి పేజీలు. ప్రతిదాని చివరా ఫోను మోగుతుంది, లేకపోతే కరెంటు పోతుంది. రెండు చోట్ల "కట్ చేస్తే" అని కూడా రాశారు. రేపు ఎవరో వెబ్ సిరీస్ తీస్తారన్న ఆశ ఉంటే ఉండనివ్వండి, తప్పేం లేదు, మీకు నాలుగు డబ్బులు రావాలనే నేనూ కోరుకుంటాను. కాకపోతే డ్రోన్ పైనుంచి చూసినట్టు ఊరిని చూపిస్తుంటే, ఏ ఇంటి గుమ్మంలో ఎవరు కూర్చున్నారో నాకెలా తెలుస్తుంది?

ఇవన్నీ మింగేసేవాణ్ణి. అభిమానం ఉన్నచోట ఇంతకంటే పెద్దవే మింగేస్తాం. ఆ ముసలామె దగ్గరే నాకు మింగుడు పడలేదు.

నవల్లో ఆమెకి పేరు లేదు. "ముసల్ది" అంతే. ఊరి చివర గుడిసె, ఒక మేక, వేర్లూ ఆకులూ ఎండబెట్టిన చేట. పిల్ల కిటికీలోంచి చూసినప్పుడు ఆమె నవ్వుతుంది. నోట్లో ఒక్క పన్ను లేదు, "నల్లటి గుహలాంటి నోరు". అక్కడి నుంచి పుస్తకం అయిపోయేదాకా మీరు మమ్మల్ని భయపెట్టాలనుకున్నప్పుడల్లా ఆ నోరే తెరిచారు. అట్ట మీద బొమ్మ కూడా ఆ నోరే.

ఆ పళ్ళు ఎందుకు లేవని మీరు ఒక్కసారైనా అడిగి తెలుసుకున్నారా?

మా జిల్లాలో బాణామతి చేశారని ఒకరి మీద అనుమానం పడితే అప్పట్లో మొదట చేసే పని పళ్ళు ఊడబీకడం. పళ్ళు పోతే మాట సరిగా పలకదు, మాట పలక్కపోతే మంత్రం పనిచేయదు అని నమ్మకం. పంచాయితీ పెట్టి, చెట్టుకో స్తంభానికో కట్టేసి, పట్టకారుతోనో రాయితోనో ఆ పని చేసేవాళ్ళు. ఇది జానపద కథ కాదు. ఎనభైల్లో పేపర్ల నిండా ఉండేది. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు డాక్టర్లని వెంటబెట్టుకుని మెదక్ పల్లెలు తిరిగింది అందుకే. బట్టలు వాటంతటవే అంటుకుంటున్నాయంటే, ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయంటే, ఆడపిల్లలు మూకుమ్మడిగా పడిపోయి కుక్కల్లా అరుస్తున్నారంటే వెళ్ళి చూశారు. చాలా చోట్ల వాళ్ళకి కనిపించింది రోగం, మనసులో అణచుకున్న దుఃఖం, గట్టు తగాదా. వాటికి మందు దొరక్క ఊరు వెతుక్కున్న మనిషి ఎవరంటే, ఎదురు తిరగలేని మనిషి. మొగుడు పోయి అరెకరం పొలం మిగిలిన ఆడమనిషి. ఆకుపసరు తెలిసిన అవ్వ.

మా షాపుకి ఎదురుగా ఒకాయన పల్లీల బండి పెట్టుకునేవాడు. మాట్లాడితే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ముందు నేను సిగ్గనుకున్నాను. కూతురికి కథల పుస్తకం తీసుకోవడానికి వచ్చినప్పుడు దగ్గర్నుంచి విన్నాను. "స" పలికితే గాలి పోయేది. "త", "ద" నాలుకకి ఆనేచోటు లేక జారిపోయేవి. సంగారెడ్డి అనలేక "గీ ఊరు" అనేవాడు. పళ్ళ సంగతి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన ఊరివాళ్ళు కొనుక్కోవడానికి వచ్చినప్పుడు ఇంకెవరి ద్వారానో తెలిసింది. ఎవరిదో గేదె పాలివ్వడం మానేసిందట. పిల్లలు బొమ్మల పుస్తకాల కోసం ఎగబడుతుంటే ఆయన మా గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు, తనని చూసి జడుసుకుంటారేమోనని.

మీ అట్ట మీద బొమ్మ చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ తువ్వాలు.

పోనీ, కథ చివర్లో ఏదైనా తిరుగుతుందేమో, ఇదంతా మమ్మల్ని దారి తప్పించడానికేమో అని ఓపిగ్గా చదివాను. మీరు అలా చేయగలరు, చేసినవారు. కానీ ఊరంతా కాగడాలతో వెళ్ళి ఆమెని గుడిసెతో సహా తగలబెడతారు. హీరో తాత చూస్తూ నిలబడతాడు. తెల్లారేసరికి పిల్ల జ్వరం దిగుతుంది, ఎండిపోయిన పొదుగులోకి పాలొస్తాయి. ఊరు అనుమానించింది నిజమే, చేసిందీ సరైనదే అని రచయితగా మీరే సాక్ష్యం చెప్పారు. దెయ్యమా జబ్బా అని రెండు దారులూ తెరిచి ఉంచే మనిషి, తెరిచి ఉంచాల్సిన ఒకే ఒక్క చోట గడియ పెట్టేశారు.

కథని కథలా చూడాలి అంటారా? చూస్తాను. ఎనిమిది చేతుల రాక్షసి వస్తే నేనేం అనను, కొరివి దెయ్యం కాలువ గట్టున నడిస్తే అనను. వాటి మూలంగా ఎవరి ఇల్లూ కాలదు. కానీ "మంత్రాల నెపంతో" అనే మాట ఇప్పటికీ పేపర్లో జిల్లా పేజీల్లో వస్తూనే ఉంది సార్. ముసలి దంపతుల మీద దాడి, వదినని నరికిన మరిది. ఆ వార్తలో ఉన్న మనుషులకీ మీ నవల్లో "ముసల్ది"కీ మధ్య తేడా ఎంత?

చివరి అధ్యాయంలో ఆమె మంత్రగత్తె అనడానికి మీరు చూపించిన తిరుగులేని సాక్ష్యం గురించి కూడా చెప్పాలి. గుడిసె ముందు పెట్టిన కొబ్బరికాయ మీద నీళ్ళు చల్లగానే భగ్గుమంటుంది. సార్, అది మూఢనమ్మకాల గుట్టు విప్పి చూపించే జనవిజ్ఞాన వేదిక వాళ్ళు మా హైస్కూలు గ్రౌండులో చేసి చూపించారు. పీచులో సోడియం ముక్క దాచి నీళ్ళు చల్లడమే. ముందు అరిచిన పిల్లలే తర్వాత "ఇంకోసారి, ఇంకోసారి" అని గోల చేశారు. మీ నవల్లో హీరో ఇంజినీరు అయ్యుండి కూడా దాన్ని చూసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ప్రశ్న వేయగలిగిన ఒకే ఒక్క పాత్ర, ఆ సైన్సు మాస్టారు, అప్పటికే లేడు. యాభయ్యో పేజీ లోపే బావిలో పడేశారు, అదీ నవ్వు పుట్టించడానికి. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణేలో పొద్దున నడకకి వెళ్ళినప్పుడు కాల్చి చంపారు. ఏ దెయ్యమూ చంపలేదు. ఆయన ఏళ్ళ తరబడి అడిగిన చట్టం మహారాష్ట్రలో ఆయన పోయాకే వచ్చింది. అది తెలిసిన వాడికి మీ మాస్టారి చావు దగ్గర నవ్వు రాదు.

అయితే ఏంటి, భయం వద్దా, పాఠాలు రాయమంటావా అనొద్దు. నాకు భయం కావాలి. డబ్బిచ్చి కొనుక్కున్నదే అందుకు. అసలు కారణం తెలిస్తే భయం పోతుందని కూడా నేను ఒప్పుకోను. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజినీరు కథ మీకు తెలిసే ఉంటుంది. రాత్రి ల్యాబులో ఒంటరిగా పని చేసుకుంటుంటే ఒళ్ళంతా చెమటలు, పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించడం, కంటి చివర బూడిదరంగు ఆకారం, తిరిగి చూస్తే మాయం. మర్నాడు ఫెన్సింగ్ కత్తిని బిగించి పెడితే దానంతటదే వణికింది. చివరికి తేలింది కొత్తగా పెట్టిన ఫ్యాను. దాని నుంచి సెకనుకి 19 సార్లు కంపించే, చెవికి వినపడని శబ్దం గదిలో నిలబడిపోయింది. 1998లో ఆయన దాని మీద పేపరు కూడా రాశాడు. ఫ్యాను అని తెలిశాక నాకు భయం తగ్గలేదు. నా గదిలో ఇంకా ఏమేం వినపడకుండా మోగుతున్నాయో అని పెరిగింది. మీ గిలక కథ అచ్చం ఈ జాతిదే. మీ చేతిలో ఉన్న విద్యే అది.

మా బాణామతి ఊళ్ళో కూడా అంతకంటే భయంకరమైన కథ ఉంది, మీరు దాని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు. ఆ గుడిసె లోపల్నుంచి చెప్పండి. పొద్దున దాకా పలకరించిన మనుషులు సాయంత్రానికి చూపు తప్పించుకోవడం. మేకకి మేత వేయడానికి వచ్చే పిల్లని వాళ్ళమ్మ రెక్క పట్టి లాక్కుపోవడం. బాయి కాడ తన బిందె ఒక్కటే మిగలడం. రాత్రి తలుపు మీద ఒక చెయ్యి, తర్వాత పది చేతులు. మీకు దెయ్యం కూడా కావాలంటే పెట్టుకోండి, ఆ పది చేతుల వెనక నిలబెట్టండి. పిల్లకి జ్వరం తెచ్చింది అదే కావచ్చు. దాన్ని ఎవరూ చూడలేదు, అందరూ ఈమెనే చూస్తున్నారు. నేను రచయితని కాను, నాకే ఇంత తోచింది. మీకు ఎంత తోచాలి?

మీ సంపాదకులు ఎవరో తెలియదు. కలెక్టరాఫీసు ఎక్కడుందో చూడటం వాళ్ళ పని కూడా. అట్ట బొమ్మ మాత్రం మీరు చూడకుండా అచ్చుకి వెళ్ళి ఉండదు. రెండో ముద్రణ వేస్తున్నారట. ఎలాగూ వేస్తారు, బాగానే అమ్ముడవుతోందని మా ఊళ్ళో పుస్తకాల షాపు కుర్రాడు చెప్పాడు. కథ మార్చమని నేను అడగను, అచ్చయిన కథ అచ్చయినట్టే. ఆ బొమ్మ ఒక్కటి తీయించండి. ఒక తాళంకప్పో, కాలిపోయిన చేటో, ఏదైనా వేయించండి.

చివరి పేజీలో "రెండో భాగం త్వరలో" అని ఉంది. ముసలామె మనవరాలు హైదరాబాదులో చదువుకుంటోందని, ఆమె కళ్ళు కూడా ఒకలా మెరిశాయని ఆపారు. ఆ అమ్మాయి మీద నాకు దిగులుగా ఉంది. ఈసారి ముందుగా డబ్బు కట్టను. పుస్తకం వచ్చాక ఎవరైనా చదివి, ఆ అమ్మాయి తన అవ్వ గుడిసె ఎందుకు కాలిందని ఊళ్ళోకి వెళ్ళి అడిగిందని చెబితే, అప్పుడు కొంటాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
సంగారెడ్డి